మన రాళ్ల మీద మన నాచే పెరగనివ్వండి

సముద్రపు నాచు సాగు గురించి ఈ మధ్య తీరం పొడుగునా మాట్లాడుకుంటున్నారు. 2020లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన మొదలైనప్పుడు ఒక్క నాచుకే అయిదేళ్లకు 640 కోట్ల రూపాయలు పక్కన పెట్టారు. 2023లో తమిళనాడులోని రామనాథపురం జిల్లా వలమావూరులో 127 కోట్ల పైచిలుకు ఖర్చుతో నాచు పార్కుకు శంకుస్థాపన జరిగింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సాగుకు పనికొచ్చే చోట్లను దేశమంతటా గుర్తించింది, వాటిలో మన తీరమూ ఉంది. నాచుకు ఎరువు వేయక్కర్లేదు, మంచినీళ్లు పెట్టక్కర్లేదు, సెంటు భూమి కొనక్కర్లేదు. వేట నిషేధం ఉన్న 61 రోజులు ఖాళీగా కూర్చునే ఇంటికి నాలుగు రూపాయలు తెచ్చే పంట ఏదొచ్చినా నేను కాదనను.

నేను పుట్టింది భీమిలికి దగ్గర్లోని ఒక మత్స్యకార పల్లెలో. మా నాన్న నాటు పడవ మీద వేటకు పోయేవాడు, మా అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. ఆ గంప డబ్బుతోనే చదువుకుని, మత్స్యశాఖలో చేరి, రొయ్యల చెరువుల దగ్గరా చేపల రేవుల దగ్గరా ఉద్యోగమంతా గడిపి రిటైరయ్యాను. ఆడవాళ్ల చేతికి సొంత ఆదాయం వస్తే ఇల్లు ఎలా నిలబడుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను అడిగేది ఒక్కటే. తెప్పకు కట్టే విత్తనం మన సముద్రానిదే కావాలి.

సంక్రాంతికి ఊరెళ్తే మా వదిన పట్టుకుని అడిగింది: “ఏటొదినా, నాచు తెప్పలు డ్వాక్రా సంఘాలకి ఇత్తారంట కదా, నిజవేనేటి?” ఇస్తే తీసుకుందాం గానీ ఆ విత్తనం ఎక్కడిదో ముందు కనుక్కోమన్నాను. “ఇత్తనం ఎక్కడిదైతే మనకేటి? డబ్బులొత్తే సాలదా?” అంది. అన్యాయమైన ప్రశ్నేమీ కాదు. దానికి జవాబు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సాగు అనగానే అందరూ తెచ్చేది కప్పాఫైకస్ అనే ఎర్రనాచు. దీన్నుంచి కారాజీనన్ అనే జిగురు తీస్తారు. ఐస్‌క్రీము మెత్తగా ఉండటానికీ, టూత్‌పేస్టు చిక్కగా రావడానికీ ఆ జిగురే వాడతారు. ఈ నాచు మనది కాదు. దాని పుట్టిల్లు ఫిలిప్పీన్స్ వైపు సముద్రాలు. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 1984లో జపాన్ నుంచి కొంచెం మొక్క తెచ్చి, గుజరాత్ తీరంలోని ఓఖాలో పెంచింది. 1990ల నడుమ అది తమిళనాడులోని మండపానికి చేరింది. 2000 తరవాత పెప్సీ కంపెనీ ఒప్పంద సాగు మొదలుపెట్టడంతో వందల కుటుంబాలు అందులో దిగాయి.

ఉద్యోగంలో ఉండగా శిక్షణ కోసం మండపం వెళ్లినప్పుడు ఆ సాగు దగ్గరగా చూశాను. 12 అడుగుల పొడవూ వెడల్పూ ఉన్న వెదురు తెప్ప, దానికి వరసగా తాళ్లు, తాడు పొడుగునా ముడివేసిన నాచు కుచ్చులు. ఒక్కో తెప్పకు 60 కిలోల విత్తనం కడతారు. 45 రోజులకు అది నాలుగు రెట్లకు పైగా పెరుగుతుంది. తెప్ప అడుగున వల పరుస్తారు, లేకపోతే చేపలు వచ్చి కొరుక్కుతింటాయి. ఒడ్డున ఆడవాళ్లు బారులు తీరి కూర్చుని ముడులు వేస్తుంటే ఆ చేతుల వేగం చూసి ముచ్చటేసింది. వాళ్ల అమ్మలూ అమ్మమ్మలూ వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని, దీవుల చుట్టూ మునిగి, రాళ్ల మీద సహజంగా పెరిగే నాచు కోసుకొచ్చినవాళ్లు. ఆ దీవులు 1986లో మన్నార్ సింధుశాఖ జాతీయ పార్కు కిందికి వెళ్లాక కోతకు పోతే అటవీశాఖతో తగాదా. తెప్పల సాగు వాళ్లకు ఆ బెడద తప్పించింది. ఇది చిన్న మేలు కాదు.

ఆ తెప్పలకు ఎంతో దూరంలో లేని కురుసడై దీవి పగడపు దిబ్బల మీద మాత్రం ఇంకొకటి జరుగుతూ వచ్చింది. ఈ నాచు గింజతో పనిలేకుండా ముక్క నుంచే మళ్లీ మొలుస్తుంది. తెంపిన ముక్కను కట్టడమే సాగు పద్ధతి కూడా. అలకు తెగిన ముక్క, తాడు నుంచి జారిన ముక్క ఎక్కడ తగులుకుంటే అక్కడే బతుకుతుంది. సాగు పాక్ బేకి ఉత్తరాన, తూత్తుకుడికి దక్షిణాన మాత్రమే జరగాలని తమిళనాడు ప్రభుత్వం 2005లో ఉత్తర్వు ఇచ్చింది. నడుమనున్న జాతీయ పార్కును కాపాడటం దాని ఉద్దేశం. అయినా 2008 నాటికి కురుసడై దగ్గర కొమ్మల పగడాల మీద కప్పాఫైకస్ చాప పరిచినట్టు పరుచుకుందని శాస్త్రవేత్తలు పత్రం ప్రచురించారు. తరవాత షింగిల్, పూమరిచాన్, పుల్లివాసల్ దీవుల దగ్గరా కనబడింది. అటవీశాఖ మనుషుల్ని దింపి చేతులతో పీకించింది. పీకిన చోటే మళ్లీ మొలిచింది. రాతి సందులో గోరంత మిగిలినా దానికి చాలు.

పగడం చచ్చిపోతే చేపకేం నష్టం అని అడగవచ్చు. కొమ్మల పగడం అంటే చిన్న చేపలకు ఇల్లు. వేలెడంత చేపలు ప్రమాదం రాగానే ఆ కొమ్మల సందుల్లోకి దూరిపోతాయి. రాతి చేపలూ బండ చేపలూ పిల్లలుగా ఉన్నప్పుడు అక్కడే పెరుగుతాయి. నాచు కప్పేసిన పగడానికి వెలుతురు అందదు. దాని ఒంట్లో ఉండి తిండి వండిపెట్టే సూక్ష్మమైన శైవలానికి ఎండ లేకపోతే పగడం పస్తుండి చస్తుంది. చచ్చిన కొమ్మలు కొన్నాళ్లు నిలబడి, తరవాత అలలకు విరిగి గులకరాళ్లుగా రాలిపోతాయి. పగడాన్నే గిల్లుకుతినే సీతాకోక చేపలు ముందుగా పోతాయి. దాక్కునే సందులు లేక పిల్ల చేపలు పెద్ద చేపల నోట పడతాయి. కొత్త పగడం మొలవాలంటే దాని పిల్ల వచ్చి అంటుకోవడానికి శుభ్రమైన రాయి కావాలి. రాయి నిండా నాచు ఉంటే ఆ పిల్ల ఎక్కడ కూర్చుంటుంది? నీళ్ల పైనుంచి చూసేవాడికి అంతా పచ్చగా, కళకళ్లాడుతున్నట్టే కనబడుతుంది. అందుకే ఈ నష్టం వల ఖాళీగా వచ్చేదాకా ఎవరి కంటా పడదు.

పగడం లేని చోట కూడా నాచు చేపల బతుకు మారుస్తుంది. మధ్యధరా సముద్రంలో కౌలెర్పా టాక్సిఫోలియా అనే ఆకుపచ్చ నాచు కథ దీనికి సాక్ష్యం. ఇది అక్వేరియంల అందం కోసం పెంచిన రకం. కప్పాఫైకస్ మన దేశానికి వచ్చిన 1984లోనే, మొనాకోలోని సముద్ర మ్యూజియం గోడల కింద నీళ్లలో ఒక చదరపు మీటరు మేర కనబడింది. 1989 నాటికి ఒక హెక్టారు అయింది. ఫ్రెంచి శాస్త్రవేత్త అలెగ్జాండర్ మేనెజ్ ప్రమాదమని అరిచి చెబుతున్నా పెద్దలు వాదనల్లో ఏళ్లు గడిపారు. ఈలోగా అది ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ తీరాలకు పాకింది. అక్కడ చేపల్ని లెక్కపెట్టినవాళ్లకు ఈ నాచు కమ్మిన చోట చేపల రకాలూ మొత్తం బరువూ మామూలు సముద్రపు గడ్డి మైదానాల కన్నా, రాళ్ల కన్నా తక్కువగా తేలాయి.

వాటిలో ఒక చేప కథ మన విశాఖ రేవులో అందరికీ అర్థమవుతుంది. మనం గులివిందలు అంటామే, గడ్డం కింద రెండు మీసాలుండే చేపలు, వాటి చుట్టాలు మధ్యధరాలోనూ ఉన్నాయి. గులివింద మీసాలతో ఇసకను కెలికి, అందులో దాక్కున్న పురుగుల్నీ చిన్న రొయ్యల్నీ తింటుంది. కౌలెర్పా ఇసక మీద పరుపులా పరుచుకుని వేళ్లతో బిగించేస్తే మీసం ఎక్కడ గుచ్చుతుంది? ఆ నాచు ఉన్న చోట అవి మేత మేసే తీరే మారిపోయిందని పరిశోధకులు నీళ్ల కింద గమనించి రాశారు. కొన్ని చిన్న చేపలు మరో దారి పట్టాయి. ఎప్పుడూ గోధుమ రంగులో ఉండేవి ఆ నాచులో బతకడానికి ఆకుపచ్చ రంగుకు తిరిగాయి. ప్రాణి సర్దుకుపోతుంది నిజమే, కానీ సర్దుకోలేనిదాని సంగతి? జాలరి బతికేది ఆ సర్దుకోలేని చేప మీదైతే?

2015లో జిబ్రాల్టర్ జలసంధి దగ్గర సియుటా తీరంలో జపాన్, కొరియాల వైపు నుంచి వచ్చిన ఒక గోధుమరంగు నాచు బయటపడింది. ఆ ఒక్క ఏడాదే అక్కడి బీచిల నుంచి 5,000 టన్నులకు పైగా ఎత్తిపోశారు. దక్షిణ స్పెయిన్ చిన్న పడవల వాళ్ల వలల్లో చేపకు బదులు నాచు నిండి, వల బరువెక్కి, శుభ్రం చేయడానికే పూట గడిచేది. స్పెయిన్ దాన్ని నిషిద్ధ జాతుల చిట్టాలో చేర్చేసరికి 2020 అయింది. వల వేసేవాడికి నాచు అంటే ఏమిటో తెలియాలంటే ఆ జాలర్లను అడగాలి.

నిజాయితీగా ఇంకోవైపు కూడా చెప్పాలి. ప్రతి పరాయి నాచూ చేపల్ని తరిమేయదు. అమెరికా ఆగ్నేయ తీరపు బురదనేలల్లో జపాన్ వైపు నుంచి వచ్చిన ఒక రకం గ్రాసిలేరియా పెరిగి, ఏ చెట్టూ లేని ఆ బురద మీద చిన్న రొయ్యలకూ పీతలకూ నీడ ఇచ్చింది. అక్కడ ప్రాణుల లెక్క పెరిగింది. కౌలెర్పా కూడా తరవాతి ఏళ్లలో మధ్యధరాలో చాలా చోట్ల తనంతట తానే తగ్గిపోయింది. మండపం దగ్గర కప్పాఫైకస్ ఆక్రమించింది మొత్తం దిబ్బల్లో చాలా చిన్న భాగమనీ, భయపెట్టినంత లేదనీ వాదించిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. వాళ్ల మాట తోసేయడానికి లేదు. కానీ ఇలాంటి ధీమా ఇంతకు ముందు ఒక చోట ఏం చేసిందో తెలుసు. హవాయి దీవుల్లో కనియోహె అఖాతంలో మాక్స్‌వెల్ డోటీ అనే శాస్త్రవేత్త 1974లో ఇదే కప్పాఫైకస్‌ను ప్రయోగంగా పెంచారు. లోతైన నీళ్లు దాటి పోలేదని అప్పట్లో నమ్మారు. 1990ల చివర్లో చూసేసరికి ఏడాదికి 250 మీటర్ల చొప్పున అది 6 కిలోమీటర్ల దాకా పాకి ఉంది. దాన్ని వదిలించడానికి పడవ మీద పెద్ద గొట్టాల యంత్రం పెట్టి నీళ్ల కింద నుంచి నాచును లాగేశారు. మళ్లీ మొలవకుండా తినడానికి ఉర్చిన్లు అనే ముళ్ల సముద్రప్రాణుల్ని హేచరీలో పెంచి లక్షల్లో వదిలారు. ఆ ఖర్చు నాచు పెంచినవాళ్లు పెట్టలేదు, ప్రజలే పెట్టుకున్నారు.

ఉర్చిన్లను ఎందుకు పెంచాల్సివచ్చిందో కూడా మనవాళ్లు ఆలోచించాలి. నాచును మేసే చేపలు అక్కడ వేటతో బాగా తగ్గిపోయాయి. చిలక ముక్కు చేపలూ, నాచు కొరికే తక్కిన రాతి చేపలూ నిండుగా ఉన్న చోట పరాయి నాచు అంత తేలిగ్గా గెలవదు. మండపంలో తెప్ప కింద వల పరిచేది ఆ చేపల భయంతోనే కదా. మన తీరంలో సన్నకంటి వలలతో పిల్ల చేపల్ని ఊడ్చేస్తున్నాం. మేసేవాటిని పట్టేసి, మేతను వదిలిపెడితే ఫలితం ఏమవుతుందో చెప్పడానికి శాస్త్రం చదవక్కర్లేదు.

నా ఉద్యోగంలో సగం రొయ్యల చెరువుల గట్ల మీద గడిచింది కాబట్టి వనామీ రొయ్య సంగతి కూడా ఎత్తాలి. “అది కూడా పరాయిదే కదా, దాంతోనే కదా గోదావరి జిల్లాలు బాగుపడ్డాయి” అని నాతో పనిచేసినవాళ్లు వాదిస్తారు. నిజమే. 1994-95లో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను తినేసినప్పుడు నెల్లూరు నుంచి మా వైపు దాకా రైతులు ఎలా కూలిపోయారో నా కళ్లారా చూశాను. ఆ దెబ్బ గుర్తుంది కాబట్టే 2009లో వనామీకి అనుమతి ఇచ్చినప్పుడు తల్లి రొయ్యలు చెన్నై నీలాంకరై క్వారంటైన్ కేంద్రం దాటే రావాలని షరతు పెట్టారు. పైగా వనామీ పెరిగేది గట్టు కట్టిన చెరువులో. నాచు తెప్ప ఉండేది బట్టబయలు సముద్రంలో. చెరువుకు తూము ఉంది, మూయవచ్చు. సముద్రానికి తూము లేదు.

మన సముద్రం పాక్ బే లాగా నిమ్మళమైనది కూడా కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా ఊళ్లో ఒడ్డున కట్టేసిన పడవలే కొబ్బరిచెట్ల మధ్య తేలాయి. 2018లో తిత్లీ శ్రీకాకుళం తీరాన్ని కుదిపేసింది. వెదురు తెప్పలు అలాంటి గాలికి ఎంతసేపు నిలుస్తాయి? ఒక్కో తెప్ప ముక్కలైతే వందల కిలోల మొలకెత్తే నాచు ఒక్క రాత్రిలో తీరమంతా చల్లినట్టవుతుంది. గోదావరి, కృష్ణ వరదనీళ్లకు ఉప్పు తగ్గిపోతే ఈ నాచు చచ్చిపోతుందని కొందరు ధైర్యం చెబుతారు. నదీముఖాల దగ్గర అది నిజమే కావచ్చు. కానీ రుషికొండ, భీమిలి, పూడిమడక రాళ్ల దగ్గరికి ఆ వరద ఉప్పు తగ్గేంతగా రాదు. మన నాటు పడవలు గాలం వేసేదీ, రాతి చేపలు గుడ్లు పెట్టేదీ ఆ రాళ్ల మీదే. ఇక వేసవి వేడికి, రోగానికి ఈ నాచే ఓర్వదు. మండపంలో 2013 ప్రాంతంలో పంట చచ్చి దిగుబడి అమాంతం పడిపోయింది. ఒడిదుడుకుల పంటకు కుటుంబాన్ని కట్టేసి, పంట పోయాక రాళ్లకు మాత్రం నాచు మిగిలితే మా వాళ్లకు రెండు విధాలా నష్టమే.

మన సొంత నాచు మనకు లేదా అంటే పుష్కలంగా ఉంది. 1964లోనే టి. శ్రీరాములు, ఎం. ఉమామహేశ్వరరావు విశాఖ తీరపు రాళ్ల మీద ఏ నాచు ఏ కాలంలో ఎంత ఎత్తులో పెరుగుతుందో పరిశోధించి రాశారు. ఉమామహేశ్వరరావు గారు ఆ తరవాతా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నాచు మీదే పనిచేసి శిష్యుల్ని తయారుచేశారు. ఉల్వా, గ్రాసిలేరియా, సర్గాసమ్, హిప్నియా అన్నీ మన రాళ్ల మీదివే. హిప్నియా నుంచి కూడా కారాజీనన్ వస్తుంది. గ్రాసిలేరియా నుంచి అగార్ వస్తుంది. అదే హిప్నియాలో ఒక రకాన్ని ఫ్లోరిడా నుంచి హవాయికి తీసుకెళ్తే అక్కడి మావి దీవి ఒడ్డున గుట్టలుగా పడి కుళ్లి కంపుకొట్టింది. ఏ నాచూ పుట్టుకతో చెడ్డది కాదు. దాన్ని మేసే చేప, దాన్ని అదుపులో పెట్టే రుతువు ఉన్న చోట అది పంట. అవి లేని చోట అది ఆక్రమణ.

సొంత నాచు దిగుబడి కప్పాఫైకస్ అంత ఉండదని అధికారులు అంటారు. ఉండదు. 1984 నుంచి కప్పాఫైకస్ మీద పెట్టినంత పరిశోధన, ఖర్చు మన హిప్నియా మీద పెట్టి ఉంటే ఈ మాట ఇంత తేలిగ్గా అనేవారు కాదు. నాచుకు పెట్టే డబ్బులో కొంత భాగం విశాఖలోని ప్రయోగశాలలకు ఇచ్చి, మన రాళ్ల మీది నాచులో వేగంగా పెరిగే మొక్కల్ని ఎంచి విత్తన బ్యాంకు పెట్టమనండి.

2024 అక్టోబరులో కేంద్రం విదేశీ నాచు దిగుమతికి మార్గదర్శకాలు ఇచ్చింది. క్వారంటైన్, ముప్పు అంచనా, తరవాతి నిఘా అన్నీ అందులో ఉన్నాయి. మంచి పనే. అయితే జాతీయ కమిటీ ఒప్పుకున్నాక నాలుగు వారాల్లో అనుమతి ఇచ్చేలా దాన్ని రాశారు. మరోపక్క ఇప్పటికే దేశంలో ఉన్న కప్పాఫైకస్‌ను మండపం నుంచి మన తీరానికి లారీలో తేవడం దిగుమతి కిందికే రాదు. ఆ రూలు మనకు కావలసిన చోట లేదు. రాష్ట్ర ప్రభుత్వమే పూనుకుని పెట్టాలి. రాతి తీరానికి ఇన్ని కిలోమీటర్ల లోపల పరాయి నాచు తెప్పలు వేయకూడదని తమిళనాడు తరహాలో ఉత్తర్వు ఇవ్వాలి.

ఇంకొకటి కూడా అంతే అవసరం. తెప్ప వేయకముందు ఆ చోట ఏయే చేపలు ఎంతెంత ఉన్నాయో లెక్క తీసి పెట్టుకోవాలి. గులివిందలు, కవ్వళ్లు, పారలు, రాతి చేపలు, పిల్లలతో సహా. ఆ పని చేయడానికి పెద్ద నౌకలు అక్కర్లేదు, రోజూ గాలం వేసే మా వాళ్లకు కూలి ఇచ్చి, కొలిచి రాయడం నేర్పితే చాలు. ఆ లెక్క లేకపోతే పదేళ్ల తరవాత వల ఖాళీగా వస్తే తప్పు నాచుదా, వేటదా, ఎండదా అని వాదించుకుంటూ కూర్చోవడమే మిగులుతుంది. 2000లో కాలిఫోర్నియాలో కౌలెర్పా కనబడిన వారాల్లోనే టార్పాలిన్లు కప్పి క్లోరిన్ వేయడం మొదలుపెట్టారు కాబట్టే 2006 నాటికి పూర్తిగా వదిలించగలిగారు. అంత చేసినా 70 లక్షల డాలర్లు అయింది. మన పంచాయతీలో ఏ ఖాతాలో అంత డబ్బుంది? నాచు వ్యాపారం చేసే కంపెనీ నుంచి, తెప్ప దింపకముందే, తుడిచే ఖర్చుకు డిపాజిట్ కట్టించుకోవాలి. నష్టం వచ్చాక ఎవరిని వెతుక్కుంటాం?

మా వదిన అడిగినదానికి నేను చెప్పిన జవాబు ఇదే. విత్తనం ఎక్కడిదైతే మనకేం అంటే, డబ్బు తెప్ప కట్టినవాళ్లకు వస్తుంది, నష్టం తెప్ప కట్టనివాళ్లకు కూడా వస్తుంది. గాలం వేసే నాటు పడవవాడికి, గంప ఎత్తే ఆడమనిషికి ఆ తెప్పల్లో వాటా లేదు, రాళ్ల మీది చేపలో ఉంది.

మత్స్యశాఖ అధికారులకు, ఒకప్పుడు మీలో ఒకరిగా ఉన్నదాన్ని కాబట్టి, ఒక విన్నపం. నాచు పథకం మా పల్లెలకు తెస్తే సంతోషంగా తీసుకుంటాం. తెప్పలు పంచే రోజుకు ముందు ఒక సాయంత్రం ఊరందరినీ కూర్చోబెట్టండి. విత్తనం ఏ జాతిదో, ఎక్కడి నుంచి వచ్చిందో, తెగిపోతే తుడిచేది ఎవరో తెలుగులో రాసిన కాగితం గ్రామసభలో చదివి వినిపించి, ఆ తరవాతే మా ఆడవాళ్ల చేత సంతకం పెట్టించండి.